స్త్రీల సమాజంలో చెప్పిన మాట

"తియ్యకు," అన్నారు ఏసుపాదం గారు, పేపరు మీంచి తలెత్తకుండానే.

టీవీ పక్కన ఛార్జింగుకి పెట్టిన మెర్సీ ఫోను మూడోసారి మోగి మోగి ఊరుకుంది. తియ్యడానికి అసలు ఎవరూ లేవనే లేదు.

"డాక్టరు పదకొండింటికి చేస్తానన్నాడు. ఈలోగా చేసేవాళ్ళంతా పరామర్శలకి చేసేవాళ్ళే. వాళ్ళకి చెప్పింది చాలు."

ఆ చివరి మాట భర్త ఎవరి కోసం అన్నారో బేబి టీచరుకి అర్థమైంది. ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యంలో వడ్లు ఏరుతోంది. ఏరడానికి అందులో వడ్లేమీ లేవు. గురువారం సాయంత్రం నుంచి ఆ ఇంట్లో అందరూ ఇలాగే ఏదో ఒక పని కల్పించుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా రోజు గడుపుకొస్తున్నారు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. ఇంకా గంటన్నర.

"ఇంకొక్కసారి అడుగుతానమ్మా," అంది మెర్సీ. ఏడో నెల. దివాను మీద నడుముకి రెండు దిళ్ళు పెట్టుకున్నా కుదురుగా కూర్చోలేకపోతోంది. "అసలు నిన్ను లేచి నిలబడమని ఎవరన్నారు?"

"ప్రార్థన మనవులు ఉన్నాయా అని పాస్టరు అమ్మగారు అడిగారే. అందరూ చెప్పారు. మార్తమ్మ గారు మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు."

"మోకాళ్ళ నొప్పులు చెప్పుకోవచ్చు. షుగరు చెప్పుకోవచ్చు. నా మొగుడి తలకాయ సంగతి మైకులో చెప్తారా?"

"మైకు నేను అడగలేదే. శ్యాంబాబే తెచ్చి నోటి దగ్గర పెట్టాడు."

"నేను నీకొక్కదానికే చెప్పానమ్మా."

"నేనూ దేవుడికే చెప్పానే."

"దేవుడికి మైకెందుకమ్మా?"

బేబి టీచరు చేటలో లేని వడ్ల కోసం మళ్ళీ వెతికింది.

జరిగింది ఇంతే. బుధవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల సమాజం. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ తన కష్టాలన్నీ అక్కడే చెప్పుకుంది. భర్త కామెర్లు అక్కడే చెప్పింది, మెర్సీ నర్సింగు పరీక్షలు అక్కడే చెప్పింది. చెప్పుకున్నది ఆ నలుగురు ఆడవాళ్ళ మధ్యే ఉండేది, మహా అయితే నాలుగు వీధులు తిరిగి ఆగిపోయేది. ఈ మధ్య యూత్ సెక్రటరీ శ్యాంబాబు ఆ కూడికను యూట్యూబులో లైవు పెడుతున్నాడని ఆవిడకి తెలుసు. మార్తమ్మ మోకాళ్ళు ఎవరు చూస్తారులే అనుకుంది.

లేచి నిలబడి చెప్పింది. మా అల్లుడు దావీదు గారికి ప్రాక్టీసులో తలకి దెబ్బ తగిలింది, కాసేపు స్పృహ లేదు, అప్పటినుంచి మరపు వస్తోంది, ప్రభువు ముట్టి బాగుచేయాలని ప్రార్థించండి, అంది. దావీదు అని వాళ్ళు పిలుచుకునే పేరు. అసలు పేరు తెవిత. టోంగా మనిషి. పసిఫిక్ సముద్రం మధ్యలో, పాలకొల్లుకి రెండింతల జనం కూడా లేని దేశం అది. ఆ దేశం తరఫున పందొమ్మిది రగ్బీ టెస్టులు ఆడాడు. ఆక్లండ్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మెర్సీని పెళ్ళి చేసుకున్నాడు. తొలి కానుపుకి ఆడపిల్ల పుట్టింటికి వెళ్ళాలని అత్తగారు పట్టుబడితే, భార్యతో పాటు తనూ బ్యాగు సర్దుకుని ధవళేశ్వరం వచ్చేశాడు.

శ్యాంబాబు ఊరికే ఉండకుండా ఆ ముక్కను విడిగా కత్తిరించి, ఎర్ర జెర్సీలో ఉన్న తెవిత ఫోటో అంటించి, 'అంతర్జాతీయ రగ్బీ వీరుని తలగాయం కొరకు ప్రత్యేక ప్రార్థన' అని పేరు పెట్టాడు. ఆక్లండ్‌లో మెర్సీతో పనిచేసే సారిక దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తెవిత చెల్లెలికి ఇంగ్లీషులో వివరించి మరీ పంపింది. చెల్లెలు ఇంకెవరికో పంపింది. అందరూ మంచివాళ్ళే. అందరూ ప్రార్థన చేయడానికే పంపుకున్నారు. గురువారం సాయంత్రానికి అది టోంగా జట్టు డాక్టరు దగ్గరికి చేరింది.

డాక్టరు మెసేజి మర్యాదగానే ఉంది. ఈ ఏడాది తలకి ఏ దెబ్బా తగల్లేదని తెవిత ఫారంలో ఉంది. అత్తగారు తగిలిందంటున్నారు. శనివారం ఆవిడతో మాట్లాడాలి. ఆ తర్వాతే నవంబరు టూరు జట్టు ఖరారు చేస్తారు.

"నువ్వు తప్పు చెప్పావని నేననడం లేదు," అంది మెర్సీ. గొంతు తగ్గింది. "వినాయక చవితి వెళ్ళిన వారం రాజమండ్రి గ్రౌండులో కాలేజీ కుర్రాళ్ళతో ఆడుతూ పడ్డప్పుడు పక్కనే ఉన్నాను. ఎవరిదో మోకాలు కణతకి తగిలింది. కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వాడు. మనం ఏ ఊళ్ళో ఉన్నాం అని అడిగాడు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

"మరి ఇప్పుడన్నా..."

"ఆ ఫారం నింపింది నేనమ్మా."

బేబి టీచరు చేట కింద పెట్టింది.

"స్క్రీను చూస్తే తలనొప్పిగా ఉందన్నాడు. నేను చదువుతూ పోయాను, తను చెబుతూ పోయాడు. తలకి దెబ్బలు అన్న చోట ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత లేదని నొక్కాను. పదకొండేళ్ళ నర్సుని, నేనే నొక్కాను." మెర్సీ కళ్ళు మూసుకుంది. "ఇంక నన్నేం అడక్కు. నాకు ఓపిక లేదు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి 'తియ్యకు' అని కూడా ఎవరూ అనలేదు.

*

పది దాటాక ఏసుపాదం గారు వంటింట్లోకి వచ్చారు. ఆయన వంటింట్లోకి వచ్చారంటే పనుండి వచ్చినట్టే.

"ఏం చెప్పాలో అనుకున్నావా?"

"ఏం చెప్పమంటారు?"

"పొరపాటు పడ్డానని చెప్పు. ఎప్పుడో ఫ్రాన్స్‌లో ఆడినప్పుడు తగిలిన దెబ్బ గురించి మాట్లాడుకుంటుంటే, ఇప్పటిదనుకున్నానని చెప్పు. పెద్దదానివి, ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎవరూ తప్పుపట్టరు."

"నేను టీచర్నండీ."

"రిటైరయ్యావుగా."

ఆవిడకి నవ్వు రాలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

ఏసుపాదం గారికి అల్లుడంటే ప్రాణం. మొదట్లో ఆ మనిషిని, ఆ భుజాలని, చేతి మీది పచ్చబొట్టుని చూసి ఆయన రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడో రోజు ఆదివారం చర్చిలో, తెలుగు అక్షరం రానివాడు, రాగం పట్టుకుని పైకప్పు అదిరేలా పాడాడు. అంతే, ఆయన పడిపోయారు. ఇప్పుడు ముందుగదిలో పెళ్ళిఫోటో ఉండాల్సిన చోట ఎర్ర జెర్సీ ఫోటో ఉంది. అల్లుడి ఇరవయ్యో టెస్టు టీవీలో చూపిస్తానని ఆయన కాలువ గట్టు మీద కలిసినవాళ్ళందరికీ మాటిచ్చేశారు.

"పదకొండేళ్ళు ఆడాడే బేబీ," అన్నారాయన. "నాలుగేళ్ళు ఫ్రాన్స్‌లో క్లబ్బువాళ్ళు వదలక, దేశం పిలిచినా వెళ్ళలేకపోయాడు. లేకపోతే ఈపాటికి నలభై ఆడేవాడు. ముప్ఫై మూడొచ్చాయి. మళ్ళీ పిలవరు. ఒక్క మాటకి ఆ మనిషి ఇరవయ్యోది పోగొడతావా?"

"మీరు ఆనకట్ట దగ్గర నీటిమట్టం రాసేవారు," అంది బేబి టీచరు.

"ఇప్పుడు అదెందుకు?"

"ఎనభై ఆరు వరదల్లో గంటగంటకీ వానలో మెట్లు దిగి వెళ్ళి కొలత చూసేవారు. పోయిన గంట అంకె మీద అంగుళం వేసి రాసేస్తే ఏం పోయిందయ్యా అని పక్కవాళ్ళు నవ్వేవారట. చూడకుండా రాయనని మీరన్నారట. పెళ్ళయిన కొత్తలో మీరే చెప్పారు నాకు. ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు."

ఏసుపాదం గారు చేటలోని బియ్యాన్ని వేలితో కెలికారు.

"నేను చూశానండీ. మొన్న చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్ళి, ఎక్కడికి బయల్దేరాడో తెలియక నిలబడిపోయాడు. నేను మొక్కలకి నీళ్ళు పోస్తూ చూశాను. చూసింది చూడలేదని ఎలా చెప్పను?"

"అది గోదావరి. అంకె తప్పితే ఊళ్ళు మునుగుతాయి," అన్నారాయన. "ఇది ఇంటి మనిషి."

అని వెళ్ళిపోయారు. ఆ మాట ఆయన తన వైపు లాక్కుందామని అన్నారు. గుమ్మం దాటేటప్పటికి అది ఏ వైపుదో ఆయనకే తెలియనట్టు, ఒక్క క్షణం ఆగి మరీ వెళ్ళారు.

*

పెరటి తలుపు చప్పుడైంది. తెవిత అలవాటుగా నడుము వంచి లోపలికి వచ్చాడు. చేతుల్లో ఒలిచిన కొబ్బరికాయలు, చంకలో చేమాకుల కట్ట. శనివారం వంట అతనిది. చేమాకుల్లో మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి, మూటలుగా చుట్టి ఆవిరి మీద ఉడికిస్తాడు. వాళ్ళ ఊళ్ళో ఆదివారం వంటట. కొబ్బరి, చేమ రెండూ చేతికందేంత దూరంలో ఉన్న ఇల్లు దొరికినందుకు వచ్చిన మొదటి వారమే పొంగిపోయాడు.

"అత్తయ్యా, కూర్చో అండి. నేను చేస్తా."

అతని తెలుగంతా మెర్సీ తనతో మాట్లాడగా వచ్చింది. అందుకని అందరినీ నువ్వు అంటాడు, మర్యాదకి చివర అండి తగిలిస్తాడు. పాస్టరు అయ్యగారిని కూడా 'నువ్వు రా అండి' అంటే, ఆయన కడుపుబ్బ నవ్వి కూర్చోబెట్టుకున్నారు.

బేబి టీచరు పీట జరిపి కోరాము ఇచ్చింది. అతను కొబ్బరి కోరడం మొదలుపెట్టాడు. ఆ పెద్ద చేతుల్లో చిప్ప నిమ్మకాయంత కనిపిస్తుంది.

"నా మీద కోపం వచ్చిందా బాబూ?"

"లేదు అండి. నువ్వు ప్రేయర్ చేశావు. మా అమ్మ కూడా చేస్తుంది. అమ్మ అయితే ఇంకా గట్టిగా చెబుతుంది." నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించాడు. "కానీ డాక్టర్‌తో ఒక్క మాట చెప్పు. పాత దెబ్బ, నేను తప్పు విన్నా, అని. ఒక్క మాట అండి."

"ఇంకొక్క ఆట ఎందుకు బాబూ మీకు? పందొమ్మిది చాలవా?"

తెవిత కోరాము పక్కన పెట్టాడు.

"నాన్న అండి," అన్నాడు. "చర్చిలో డ్రమ్ కొట్టేవాడు. నేను ఫస్ట్ టైమ్ ఆడిన రోజు, తెల్లవారి డ్రమ్ కొట్టి ఊరందరినీ లేపాడు. చర్చి లేదు ఆ రోజు. ఊరికే లేపాడు. మా బైబిల్ వెనక ఖాళీ పేజీ ఉంది. పెన్సిల్‌తో ఇరవై గీతలు గీశాడు. ఒక ఆట, ఒక గీత. ఏ దేశం, ఎంత స్కోర్. పందొమ్మిది గీతలు నిండాయి. పోయిన ఏడాది నాన్న పోయాడు. ఒకటి ఖాళీ ఉంది. అమ్మ రాస్తా అంది. కళ్ళు కనపడవు, అయినా రాస్తా అంది."

బేబి టీచరు చాలాసేపు అతని చేతుల వంకే చూసింది. ఆవిడ బైబిలు వెనక కూడా అలాంటి పేజీ ఉంది. మామగారి దగ్గరనుంచి వస్తున్న పుస్తకం అది. ఇంట్లో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు అన్నీ అందులోనే రాస్తారు. గీసిన గీత ఖాళీగా ఉండిపోతే ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. మెర్సీ తర్వాత పుట్టాల్సిన బిడ్డకి గీసిన గీత అలాగే ఉండిపోయింది.

ఒక్క మాట. అరనిమిషం పని. ఆవిడ అలసిపోయింది. కూతురి మొహం చూడలేక, భర్త పేపరు చప్పుడు వినలేక, మూడు రోజులుగా తనలో తను వాదించుకుని అలసిపోయింది. దేవుడి దగ్గర తర్వాత చెప్పుకుంటాను, ఈసారి మైకు లేకుండా, అనుకుంది.

"సరే బాబూ. అలాగే చెప్తాను."

తెవిత ఆవిడ రెండు చేతులూ పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. చేతులకి అంటిన కొబ్బరి కోరు ఆవిడ గాజుల మీద పడింది. మళ్ళీ హుషారుగా కోరడం మొదలుపెట్టాడు. పాలు పిండాడు. చేమాకులు కడిగి తొడిమలు తీశాడు. పదిహేను రోజులుగా అంత తేలికగా అతన్ని చూడలేదావిడ. మంచిపనే చేశానేమో అని కూడా అనిపించింది.

"అత్తయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. ముందుగది వైపు ఒకసారి చూశాడు. "ఒక సీక్రెట్ అండి. ఎవరికీ చెప్పలేదు. మెర్సీకి కూడా."

"ఏంటి బాబూ?"

"ఆడపిల్ల పుడితే మా అమ్మ పేరు పెడతా. మెలె. అంటే మేరీ అండి. ఇప్పుడే అనుకున్నా, కొబ్బరి కోరుతుంటే. బాగుందా?"

బేబి టీచరు చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

మొన్న ఆదివారం, కుటుంబ ప్రార్థన అయ్యాక, ఆ ముందుగదిలోనే నలుగురి మధ్యా ఇదే పేరు చెప్పాడు. చెప్పి ఏడ్చాడు. మెర్సీ ఏడ్చింది. ఏసుపాదం గారు లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. ఆ రోజు ఇంట్లో అరగంట పాటు అంతా ఆ పేరే పలికి చూసుకున్నారు. ఆరు రోజులైంది.

అతను జవాబు కోసం చూస్తున్నాడు. కళ్ళనిండా సంతోషంతో, మొదటిసారి చెప్పినవాడిలాగే చూస్తున్నాడు.

"మంచి పేరు బాబూ," అంది.

"మెర్సీ ఒప్పుకుంటుందా అండి?"

"ఒప్పుకుంటుంది."

అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ పలికినా ఏడుపు వచ్చేస్తుందని తెలిసి, ఆవిడ పొయ్యి వైపు తిరిగి నీళ్ళ గిన్నె పెట్టింది. స్టవ్ వెలిగించాక గుర్తొచ్చింది, గిన్నెలో నీళ్ళు పొయ్యలేదని.

*

పదకొండుకి రెండు నిమిషాలుండగా ఏసుపాదం గారు ఫోన్ని పుస్తకాల దొంతికి ఆనించి టీపాయి మీద నిలబెట్టారు. ఎదురుగా కుర్చీ వేశారు. మెర్సీ పక్క కుర్చీలో కూర్చుంది. డాక్టరుకి తెలుగు రాదు, తల్లికి అంత ఇంగ్లీషు మాట్లాడడం రాదు, రెండు వైపులా మాట చేరవేయాల్సింది ఆమే. తెవిత వీడియోలో పడకుండా తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అత్తగారు వస్తుంటే చూసి, అభయమిస్తున్నట్టు తల ఊపాడు.

బేబి టీచరు చీర మార్చుకుంది. చేతిలో బైబిలు ఉంది.

"అదెందుకే?" అన్నారు ఏసుపాదం గారు గాభరాగా. "ప్రమాణం చెయ్యమని ఎవరూ అడగరు."

"ప్రమాణానికి కాదండి."

ఫోను మోగింది. మెర్సీ నొక్కింది. తెరమీద నెరిసిన గడ్డం, కళ్ళజోడు. వెనక కిటికీలోంచి అక్కడి సాయంత్రం కనిపిస్తోంది. డాక్టరు నెమ్మదస్తుడు. ముందు నమస్కారం చెప్పాడు, ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించమన్నాడు, కడుపులో బిడ్డ ఎలా ఉందని మెర్సీని అడిగాడు. తర్వాత అడగాల్సింది అడిగాడు.

"ఆ వీడియోలో మీరు చెప్పింది నిజమేనా అని అడుగుతున్నారమ్మా," అంది మెర్సీ. తల్లి వంక చూడలేదు.

బేబి టీచరు ఫోను వైపు తిరిగింది. పిల్లలకి పాఠం చెప్పేటప్పటి గొంతు అది. దానంతట అదే వచ్చింది.

"అయ్యా, నా పేరు బేబి. పొరపాటు పడ్డానని చెప్పమన్నారు మావాళ్ళు. చెప్తానని మాట కూడా ఇచ్చాను. ఇందాక వంటింట్లో మా అల్లుడు పుట్టబోయే బిడ్డకి మెలె అని పేరు పెడతానన్నాడు. ఇప్పుడే తట్టింది, ఎవరికీ చెప్పలేదు అన్నాడు. మంచి పేరు. కానీ ఆదివారమే ఆ పేరు మా అందరికీ చెప్పాడండి. చెప్పి, స్వయంగా రాశాడు."

బైబిలు చివరి పేజీ తెరిచింది. కింద, మెర్సీ పెళ్ళి తేదీ తర్వాత, పెన్సిలుతో వంకరగా గీసిన గీత. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు అక్షరాల పేరు. ఆ చేతిరాత ఆ ఇంట్లో ఇంకెవరిదీ కాదు.

మెర్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏసుపాదం గారు అల్లుడి వైపు చూడబోయి నేలను చూశారు.

"మెర్సీ?" అన్నాడు డాక్టరు ఫోనులోంచి. "మీ అమ్మగారు ఏమన్నారు?"

తలుపు దగ్గరనుంచి తెవిత వచ్చాడు. వీడియోలో పడతానని కూడా చూసుకోలేదు. అత్తగారి ముందు నేల మీద మోకరించాడు. అంత మనిషి మోకరించినా ఆవిడ భుజం ఎత్తు ఉన్నాడు. పేజీ మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా నెమ్మదిగా పోనిచ్చాడు, చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు.

డాక్టరు రెండోసారి అడిగాడు.

"నా రాతే అండి," అన్నాడు తెవిత తెలుగులో, చాలా చిన్నగా. తర్వాత తలెత్తి మెర్సీని చూశాడు. "ఎప్పుడు రాశాను?"